పరికరం నంబరు ఏడు

గడ్డికి జ్వరం వచ్చిందని ఈ భూమ్మీద మొట్టమొదట అన్న మనిషిని నేనే. ఆ ఘనత ఇంకెవరైనా పట్టుకుపోకముందే చెప్పి పెట్టుకుంటున్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, నాకు ఇంకో ఘనత దక్కుతుందన్న ఆశ లేదు.

మాది ఊరికి దూరంగా రాళ్ల గుట్టల నడుమ ఉన్న గోల్ఫ్ క్లబ్బు. మాది అంటే మాది అని కాదు. అక్కడి గడ్డికి నీళ్లు కొట్టే ఆడవాళ్లం పదకొండు మందిమి, అందులో నేను ఒకదాన్ని. గోల్ఫ్ చూడనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. పెద్దమనుషులు చిన్న తెల్ల బంతిని కర్రతో దూరంగా కొడతారు. మళ్లీ దాని వెనకే నడిచి వెళ్లి మళ్లీ కొడతారు. చివరికి దాన్ని ఒక గుంతలో వేస్తారు, ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. ఆ గుంత చుట్టూ చాప పరిచినట్టు నున్నటి గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. అలాంటివి పద్దెనిమిది. ఆ గడ్డిని రోజూ పొద్దున్నే గోరు మందాన ఉంచి కత్తిరిస్తారు. మా బస్తీలో పెళ్లికొడుక్కి కూడా అంత శ్రద్ధగా క్షవరం చేయరు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకో జబ్బుంది. దాని పేరు తెలియదు. నా కూతురు మన్వితకు పదమూడు నెలలు. రోజుకు ముప్ఫై సార్లు దాని మెడ మీద చేతి వెనక వైపు ఆనించి చూస్తాను. వెచ్చగా ఉంటే జ్వరమని భయం. చల్లగా ఉంటే ఇదేమిటి ఇంత చల్లగా ఉందని భయం. నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెడతాను. అది లేచి ఏడుస్తుంది. అయ్యో, నిద్ర చాలలేదే అని మళ్లీ భయం.

"ఓ నవనీతా, గా పోరి మెడ ఎన్నిసార్లు సూస్తవే? అరిగిపోతది," అంటుంది నాతో పని చేసే ఈదమ్మ. ఆమె ఆరుగురిని కని పెంచింది. ఎవరి మెడా చూసిన పాపాన పోలేదట.

నా భయానికి ఒక కారణం లేకపోలేదు. అంగన్‌వాడీలో పిల్లను తూకం వేస్తే ఏడు కిలోల ఎనిమిది వందలు. మూడు నెలలుగా ముల్లు అక్కడే కూర్చుంది. టీచరు కార్డులో పసుపు భాగంలో చుక్క పెట్టి, "ఎండలు ముదురుతున్నయ్, ఎర్రదాంట్లకు పోనియ్యకు. పచ్చదాంట్లకు తేవాలె," అంది. అది చెప్పిన వారానికే అంగన్‌వాడీకి వేసవి సెలవులిచ్చారు. మా ఆయన లారీ మీద పోతే పది రోజులకు గానీ రాడు. మాది రేకుల గది. మే నెలలో అందులో పెట్టిన పప్పు పొయ్యి లేకుండానే ఉడుకుతుందని మా ఇంటి ఓనరు గొప్పగా చెప్పుకుంటాడు. అందుకే పిల్లను పనికే తెచ్చుకుని, పంపు షెడ్డులో పాత చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టేదాన్ని.

ఆ ఏడే క్లబ్బుకు కొత్త సెక్రటరీ వచ్చారు. పీతాంబరరావు గారు. ఏదో పెద్ద ఆఫీసులో రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆఫీసు భాష వదల్లేదు. వచ్చిన నెలకే 'తృణ తాప పరిరక్షణ నియమావళి' అని అరవై పేజీల పుస్తకం అచ్చు వేయించారు. మొదటి నియమం: ఏ గ్రీన్ యొక్క ఉపరితల ఉష్ణము ముప్ఫై ఎనిమిది డిగ్రీలు దాటరాదు. దాటితే సంజాయిషీ ఎవరిని అడగాలో కూడా రాశారు. నీళ్లు కొట్టేవారిని అడగాలి. ఎండను అడగమని ఎక్కడా లేదు.

వేడి చూడడానికి పిస్తోలు లాంటి విదేశీ మీటరు ఒకటి తెప్పించారు. మా సూపర్‌వైజర్ బాలకిష్టయ్య దాన్ని మూడో రోజు పంపు మీద పెట్టి మరిచిపోయాడు. ఎండ ఎంతుందో చూపించాల్సిన ఆ మీటరు ఎండకే చచ్చిపోయింది. ఆ మాట సెక్రటరీ గారికి చెప్పే ధైర్యం లేక, బాలకిష్టయ్య దాన్ని నడుముకు కట్టుకుని తిరుగుతూ, తోచిన అంకెలు ఫారంలో రాస్తున్నాడు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు నేను ఏడో గ్రీన్ మీద ఉన్నాను. సెక్రటరీ గారి బ్యాటరీ బండి వచ్చి ఆగింది.

"ఏమ్మా, ఏడవ గ్రీన్ యొక్క ప్రస్తుత తాప పరిస్థితి ఏమిటి?"

వెనక నుంచి బాలకిష్టయ్య ఏదో ఒక అంకె చెప్పమని వేళ్లు చూపిస్తున్నాడు. ముప్ఫై ఆరో, అరవై మూడో నాకు అర్థం కాలేదు. కంగారు పడితే నా చేయి దానంతటదే చేసే పని ఒకటే. వంగి, గడ్డి మీద చేతి వెనక వైపు ఆనించి చూశాను.

"జర ఒళ్లు కాలుతుంది సార్. జ్వరమున్నట్టుంది."

"సచ్చినం పో," అని బాలకిష్టయ్య గొణిగాడు.

సెక్రటరీ గారు బండి దిగారు. ఆయన కాళ్లు గడ్డి మీద ఆనడం మేమెవరమూ అప్పటిదాకా చూడలేదు. "జ్వరం," అన్నారు మెల్లగా, నోట్లో బెల్లం ముక్క చప్పరిస్తున్నట్టు. "అరవై పేజీలు రాశాను. ఈ సముచిత పదం నాకు స్ఫురించలేదు. బాలకిష్టయ్యా, నమోదు చేయండి."

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం పడింది: 'ఏడవ గ్రీన్ జ్వరపీడితమైనది. తత్సంబంధిత పరిచర్యలు యుద్ధప్రాతిపదికన చేపట్టవలెను.'

చేపట్టారు. ఫంక్షన్ హాళ్లలో పెట్టేంత పెద్ద ఫ్యాన్లు రెండు వచ్చాయి. పైన పచ్చ వల పందిరి వచ్చింది. గంటకోసారి పొగలా నీళ్లు చిమ్మే పైపులు వచ్చాయి. 'విశ్రాంతిలో ఉన్నది, శబ్దం చేయరాదు' అని బోర్డు వచ్చింది. ఏడో గ్రీన్ పక్కనే ఒక వేపచెట్టు ఉంది. మేం మధ్యాహ్నం దాని నీడన అన్నం తినేవాళ్లం. 'పనివారి ఉచ్ఛ్వాస నిశ్వాసల వలన పరిసర ఉష్ణము పెరుగుచున్నది' అని మమ్మల్ని అవతల కంకర కుప్ప దగ్గరికి పంపారు.

"గడ్డికి పంకలట, మనకు కంకరట," అంది ఈదమ్మ టిఫిన్ మూత తీస్తూ. "వచ్చే జల్మల గడ్డినై పుడతనే."

"గడ్డివైతే గొర్రె మేస్తది అత్తా."

"ఉత్త గడ్డినెందుకైతనే? ఏడో నంబర్ గడ్డినైత."

నన్ను మాత్రం కంకర దగ్గర కూర్చోనివ్వలేదు. జ్వరం కనిపెట్టింది నేనే కాబట్టి, నాకు 'తృణ పరిచారిక' అని బ్యాడ్జీ ఇచ్చారు. రోజంతా పందిరి కింద ఉండి, పది నిమిషాలకోసారి గడ్డి ఒళ్లు తాకి చూడడం నా పని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ బ్యాడ్జీ పెట్టుకుని బస్తీలో రెండు సందులు ఎక్కువే తిరిగాను. అందరూ వెక్కిరించిన నా జబ్బుకు ఇక్కడ పోస్టు దొరికింది మరి.

కానీ నేను గడ్డి మెడ పట్టుకుని చల్లగాలిలో కూర్చుంటే, నా పిల్ల మోటారు వేడి కొట్టే పంపు షెడ్డులో ఉంది. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం వెళ్లి చూస్తే మెడ నిండా చెమటకాయలు. కళ్లు సగం మూసి ఉన్నాయి. పాలు పడితే తాగలేదు, తాగిన గుక్కెడూ కక్కేసింది. నియమావళిలో పన్నెండేళ్ల లోపువాళ్లు కోర్సులో, అంటే ఆట మైదానంలో, అడుగు పెట్టరాదని ఉంది. దీనికి ఇంకా అడుగులు రాలేదు కదా అని నాకు నేను ధైర్యం చెప్పుకుని, ఉయ్యాలతో సహా తెచ్చి పందిరి గుంజలకు కట్టాను.

ఫ్యాన్ గాలి తగలగానే పిల్ల కళ్లు తెరిచింది. కాసేపటికి పాలు తాగింది. ఆపైన మూడు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. గడ్డిని ఎన్నిసార్లు చూశానో ఆ రోజు రాయలేదు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు సెక్రటరీ గారు ఫారం పట్టుకుని తనిఖీకి వచ్చారు.

"ఇది ఏమిటి?"

"పిల్ల సార్."

"పిల్ల అని నాకు కనబడుతున్నది. ఏ శీర్షిక కింద?" ఫారం తిప్పి నాకు చూపించారు. "గ్రీన్ మీద ఉండగలవి ఐదే. గడ్డి. కలుపు. చీడ. యంత్రము. పరికరము. ఇది గడ్డి కాదు. కలుపు అయినచో వేళ్లతో సహా తొలగించవలెను. చీడ అయినచో మందు కొట్టవలెను. యంత్రము అయినచో..."

"పరికరం సార్!" అని అరిచాను.

అరిచాక నాకే తెలియలేదు ఏమన్నానో. సెక్రటరీ గారు పెన్ను ఆపారు. "ఏమి కొలిచే పరికరము?"

బాలకిష్టయ్య చేయి నడుముకున్న చచ్చిన మీటరు మీదికి పోయింది. నేను దాన్ని చూశాను. నోటికొచ్చింది చెప్పేశాను. "వేడి సార్. మీటరు పాడయింది కద సార్. పిల్ల పండుకుంటే గడ్డి చల్లగున్నట్టు. ఏడిస్తే వేడున్నట్టు."

బాలకిష్టయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మీటరు గుట్టు బయటపెట్టాను మరి. కానీ సెక్రటరీ గారి మనసు అప్పటికే మీటరు మీద లేదు.

"పరీక్షించెదము. బాలకిష్టయ్యా, పంకాలు ఆపండి."

ఫ్యాన్లు ఆగాయి. ఆయన చేతి గడియారం చూస్తున్నారు. పిల్ల ముక్కు మీద చెమట పట్టింది. కింది పెదవి వంకర తిరిగింది. తర్వాత గుట్ట అవతలి చెరువు గట్టు మీది కొంగలు లేచిపోయేట్టు ఏడ్చింది. నా చేయి ముందుకు పోయింది.

"తాకరాదు. రీడింగు చెడిపోవును."

ఆ కాసేపట్లో నన్ను నేను తిట్టుకున్న తిట్లు రాస్తే ఈ కథ ఎవరూ అచ్చు వేయరు. పిల్లను కాపాడుకుందామని అబద్ధమాడి, ఆ పిల్లనే ఉక్కలో పెట్టి చూపించే తల్లి నేను తప్ప ఇంకొకతి ఉండదు. ఆయన "పంకాలు వేయండి" అన్నారు. గాలి తగిలింది. ఏడుపు ఆగింది.

"స్పందన కాలము రెండు నిమిషములు," అని రాసుకున్నారు సెక్రటరీ గారు. "బ్యాటరీ అక్కరలేదు. అంకెలు చదవనవసరం లేదు. చెవిటివాడు తప్ప ఎవడైనను గ్రహించగలడు. ఇన్నాళ్లు ఈ సాంకేతికతను ఎక్కడ దాచినారమ్మా?"

మర్నాడు కమిటీ తీర్మానం చేసింది. పిల్లను తూకం వేసి రాసుకుని, ఉయ్యాలకు ఇత్తడి బిళ్ల కట్టారు. 'పరికరం నంబరు 7.'

ఒక గ్రీన్‌కు పరికరం ఉండి మిగతా పదిహేడింటికి లేకపోతే వివక్ష అవుతుందని ఒక సభ్యురాలు లేఖ రాసింది. అంతే, మిగతావాటికీ పందిళ్లు, ఫ్యాన్లు వచ్చాయి. పనివాళ్లంతా తమ తమ పరికరాలను తీసుకు రావలసిందని సర్క్యులర్ వచ్చింది. నీళ్లు కొట్టేవాళ్ల పిల్లలు, గడ్డి కోసేవాళ్ల పిల్లలు, వంటగదిలో పనిచేసేవాళ్ల పిల్లలు వచ్చారు. పద్దెనిమిదికి ఒకటి తక్కువ పడితే గేటు సెక్యూరిటీ ఆయన తన నాలుగేళ్ల మనవరాలిని తెచ్చాడు. అది ఏడవదు, తిడుతుంది. దాని రీడింగు ఫారంలో ఎలా రాయాలో తెలియక బాలకిష్టయ్య చుక్కలు పెట్టేవాడు.

మొదటి రోజే నాలుగో గ్రీన్ పరికరం ఆపకుండా ఏడ్చింది. ఏడ్చిన ప్రతిసారీ నియమం ప్రకారం నీళ్లు కొట్టారు. మధ్యాహ్నానికి మోకాలి లోతు బురద.

"వరి నాటేద్దమా సార్?" అని అడిగాడు బాలకిష్టయ్య.

"అది వేడికి ఏడుస్తలేదు సార్," అంది ఈదమ్మ. "ఆకలికి ఏడుస్తుంది."

సాయంత్రం ఇంకో సర్క్యులర్: 'ఆకలి వలన కలుగు తప్పుడు రీడింగులను నివారించుటకై ప్రతి రెండు గంటలకు పరికరములకు పాలు, రాగి జావ, మెత్తని అన్నము, అరటిపండు ఎక్కించవలెను. క్లబ్బు వంటగది బాధ్యత వహించును.'

అలా మా పిల్లలకు ఆహారం ఎక్కించడం మొదలైంది. మన్విత తొలిరోజు రెండు ముద్దలు ఎక్కించుకుంది. వారం తిరిగేసరికి గిన్నె చూస్తే చేతులు చాచేది.

అయితే గోల్ఫ్ ఆగలేదు. ఆట ఆడేవాళ్లకు వేసవి ఒక లెక్క కాదు. ఒకరోజు జగదీశ్వర్ గారని పెద్ద సభ్యుడు దూరం నుంచి కొట్టిన బంతి గాల్లో ఎగిరి వచ్చి, మా ఏడో గ్రీన్ పందిరి కింద, ఉయ్యాలలో పిల్ల కాళ్ల దగ్గర పడింది. పిల్ల నిద్రలో ఉంది. బంతి తగలలేదు.

జగదీశ్వర్ గారు వచ్చి ఉయ్యాలలోకి తొంగి చూశారు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి గుంత వైపు గురి చూశారు. తర్వాత కాళ్లు ఎడం చేసి, ఇనుప కర్ర పైకెత్తారు.

నేను ఉయ్యాలకూ కర్రకూ నడుమ నిలబడ్డాను.

"జరుగమ్మా."

"బంతి తీసిస్త సార్."

"ముట్టుకోకు! బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి. నలభై ఏళ్లుగా ఆడుతున్నాను. బంతిని చేత్తో కదిపానన్న మాట నాకు లేదు."

"ముందు నన్ను గొట్టుండ్రి సార్."

"నిన్ను కొడితే నాకొక దెబ్బ ఎక్కువ పడుతుంది," అన్నారాయన చిరాగ్గా. అయినా నేను జరగలేదు. జరగకపోవడం ధైర్యమేమీ కాదు, కాళ్లు రాలేదు అంతే.

ఎవరో చెబితే సెక్రటరీ గారు పరుగున వచ్చారు. ఒక చేతిలో ఆట నియమాల పుస్తకం, ఇంకో చేతిలో అరవై పేజీల నియమావళి. రెండూ తిప్పి తిప్పి చూశారు. ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. ఈలోగా పిల్ల లేచింది. చుట్టూ ఇంతమందిని చూసి నవ్వి, కాళ్ల దగ్గరి బంతిని రెండు చేతులా ఎత్తి నోట్లో పెట్టుకుంది.

"పరికరము బంతిని స్వాధీనపరచుకొన్నది," అన్నారు సెక్రటరీ గారు, బరువు దిగినట్టు.

ఆ సాయంత్రం తీర్పు వచ్చింది. జగదీశ్వర్ గారిని పదిహేను రోజులు ఆడనివ్వలేదు. పిల్ల మీదికి కర్ర ఎత్తినందుకు కాదు. పనిలో ఉన్న పరికరాన్ని నిద్ర లేపి, గడ్డి రీడింగుకు భంగం కలిగించినందుకు. ఇంటికి పోయి పిల్లను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. మర్నాడు పనికి వచ్చి, ఎవరూ చూడకుండా గడ్డికి దండం పెట్టాను. ఇంకేం చేయను? నా పిల్లను కాపాడిన చట్టం గడ్డి పేరు మీదే ఉంది.

పాపం ఆ గడ్డి బతకలేదు. జూన్ మొదట్లో ఏడో గ్రీన్ మీద రొట్టె అంత పసుపు మచ్చ వచ్చింది. నేను కంగారుపడి ఇంకా నీళ్లు కొట్టాను, ఇంకా తాకి చూశాను. నాలుగు రోజులకు మచ్చ చాపంత అయింది. బాలకిష్టయ్య వచ్చి ఒక పిడికెడు పట్టి లాగితే గడ్డి తడిసిన వెంట్రుకల్లా ఊడి వచ్చింది. కింద వేరు కుళ్లిపోయింది.

"ఎండకు సావలే," అన్నాడు బాలకిష్టయ్య. "నీ సేవకు సచ్చిందే. నీడల పెట్టి, పూటకు పది సార్లు తడిపి, గంటకు ఆరు సార్లు పిసికితివి. ఎట్ల బతుకుతది?"

ఈదమ్మ నా భుజం మీద చేయి వేసింది. "పోరిని సూసుడు గూడ జర తగ్గియ్యి బిడ్డా."

ఆ రోజు పిల్ల మెడ పన్నెండు సార్లే చూశాను. మిగతా పద్దెనిమిది సార్లూ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని ఈ జన్మలో చేయలేదు.

ఏడో గ్రీన్‌కు సంతాప సభ జరిగింది. రెండు నిమిషాలు అందరం మౌనంగా నిలబడ్డాం, సెక్యూరిటీ ఆయన మనవరాలు తప్ప. విచారణ నివేదిక కూడా చదివారు: 'మరణ సమయమున పరికరము గాఢ నిద్రలో ఉన్నందున, గ్రీన్ సంపూర్ణ ఆరోగ్యముతో మరణించినట్లు నిర్ధారణ అయినది. కావున ఎవరి తప్పును లేదు.'

నా తప్పు నాకు తెలుసు. కానీ కమిటీ మాటకు ఎదురు చెప్పేంత చదువు నాకు లేదు.

వారానికి వాన పడింది. అందరూ సంతోషించారు. నాకు ఆ సంతోషం లేదు. వేసవి అయిపోయిందని ఫ్యాన్లు విప్పుతున్నారు, పందిళ్లు పీకుతున్నారు. ఇక పరికరాలతో పనేముంది? మళ్లీ పంపు షెడ్డు. ఈసారి కింద వాన నీళ్లు, పక్కన కరెంటు తీగలు. జావ లేదు, అన్నం లేదు. ఇంత కష్టపడి చేతులు చాచడం నేర్చుకున్న పిల్ల.

సెక్రటరీ గారి గది ముందు గంటసేపు నిలబడి లోపలికి పోయాను.

"సార్, వేసవి అయిపాయె. పరికరాలను ఏం జేస్తరు సార్?"

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. నేనేదో అనరాని మాట అన్నట్టు. "ఏమి చేయుదుమని అడుగుచున్నారా? సున్నితమైన పరికరములను వానలో పారవేయుదుమా? నలభై మూడవ పేజీ చదవలేదా?"

చదవలేదు. ఆయనే చదివారు. "ఋతువు ముగిసిన పిమ్మట పరికరములన్నింటిని శుభ్రముగా తుడిచి, నూనె రాసి, మెత్తని బట్టలో చుట్టి, గాలి వెలుతురు గల పొడి గదియందు, బాధ్యత గల సంరక్షకుని పర్యవేక్షణలో, వచ్చే వేసవి వరకు భద్రపరచవలెను. ఆహారము యథాతథము."

"నూనె రాయాల్నా సార్?"

"ప్రతి దినము. లేనిచో తుప్పు పట్టును."

క్లబ్బు హౌసు వెనక కర్రల సంచులు పెట్టే పెద్ద గది ఖాళీ చేయించారు. నున్నటి బండలు, రెండు కిటికీలు, నాలుగు ఫ్యాన్లు. తలుపు మీద 'పరికరాల గోదాము' అని రాశారు. ఆరుగురిని పెంచిన అనుభవం ఉందని ఈదమ్మను సంరక్షకురాలిగా వేశారు. ఆమె నలభై మూడో పేజీ మొత్తం విని ఒకే ఒక్క సందేహం అడిగింది.

"తేమ తగలనియ్యద్దంటే ఎట్ల సార్? గివి లోపటికెల్లే తేమ పెడ్తయ్ గద?"

సెక్రటరీ గారు ఆలోచించి ఫారంలో రాశారు. 'తయారీ లోపము. సర్దుకొనవలెను.'

ఆ రోజు నుంచి నేను నీళ్ల పని ముగించుకుని మధ్యాహ్నం గోదాముకు పోతే, పద్దెనిమిది పరికరాలూ నూనెతో మెరుస్తూ బండల మీద పాకుతూ, పరుగెత్తుతూ ఉండేవి. మా దానికి అడుగులు కూడా వచ్చాయి. కోర్సులో అడుగు పెట్టరాదన్న నియమం గుర్తొచ్చి ఒక క్షణం భయపడ్డాను. గోదాము కోర్సులోకి రాదని ఈదమ్మ తేల్చి చెప్పింది.

ఆగస్టులో ఆస్తుల తనిఖీ జరిగింది. కుర్చీలు లెక్కబెట్టారు, గొట్టాలు కొలిచారు, పరికరాలను తూకం వేశారు. రెండో రోజు నా పేరు మీద మెమో వచ్చింది. బతుకులో నాకు వచ్చిన మొదటి మెమో. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

'పరికరం నంబరు 7 యొక్క బరువు స్వీకరించునాటికి ఏడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ప్రస్తుతము ఎనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు. క్లబ్బు ఆస్తి యొక్క బరువు అనుమతి లేకుండ కిలో వంద గ్రాములు పెరుగుటకు కారణమేమి? మూడు దినములలో లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను.'

మళ్లీ చదివాను. మూడోసారి చదువుతుంటే అక్షరాలు కనిపించలేదు.

"ఏమైందే? కొలువు పోయిందా?" అని ఈదమ్మ గాభరా పడింది. నేను కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదన్న సంగతి కూడా ఆ నిమిషంలో మరిచిపోయాను.

సంజాయిషీ రాసుకొమ్మని బాలకిష్టయ్య నాకు రెండు తెల్ల కాగితాలు ఇచ్చాడు. నాకు ఒక మూల చాలింది. 'అయ్యా, అన్నం తిన్నది' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

రెండు రోజులకు ఆ కాగితం ఎర్ర సిరా రాతతో తిరిగొచ్చింది: 'సంజాయిషీ ఆమోదించడమైనది. ఇటువంటిది ఇకమీదట పునరావృతం కాకుండ చూడవలెను.'

సెక్రటరీ గారి మాట నేను ఎన్నడూ జవదాటలేదు. ఆ ఒక్క ఉత్తర్వును మాత్రం రోజుకు మూడు పూటలా ధిక్కరిస్తున్నాను.